అరవై ఒక్క ఈగలు

చిరంజీవి అమ్మడుకి,

నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ మీ అమ్మా ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ బాగానే ఉన్నానని రాశావు గానీ, నీ దస్తూరి చూస్తే కంటినిండా నిద్రపోతున్నట్టు లేదు. మామూలుగా నీ అక్షరాలు వరసలో నిలబడ్డ పిల్లల్లా నిటారుగా ఉంటాయి. ఈసారి రెండో పేజీ దగ్గర్నుంచి అన్నీ ఒక పక్కకి ఒరిగిపోయాయి.

నీ ఉత్తరం అంది నెల దాటింది. ఇంత ఆలస్యంగా నీకు ఎప్పుడూ జవాబు రాయలేదు నేను. ఫోన్ చేసి ఒక్క మాట చెప్పొచ్చుగా అంటావు. నా కుడి చెవి సంగతి నీకు తెలిసిందే, నువ్వు ఒకటి చెబితే నేను ఇంకొకటి వింటాను. అయినా ఇది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు. తీరిగ్గా కూర్చుని చదువు. వీలైతే ఆఫీసులో చదవకు.

మూడు ప్రశ్నలు అడిగావు. వరసగా చెబుతాను.

మొదటిది నా మెడనొప్పి. తగ్గింది. నువ్వు చెప్పిన డాక్టరు దగ్గరికే వెళ్ళాను. "ఏం పని చేస్తారు?" అని అడిగాడు. "ఈగల్ని లెక్కపెడతానండీ" అన్నాను. "సరదా మనిషే మీరు" అన్నాడు. నిజమే చెప్పానని నమ్మించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఎవరైనా "ఏంటీ, ఈగలు తోలుకుంటున్నావా?" అని వెక్కిరిస్తే, అవునని నిజాయితీగా చెప్పగలిగినవాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే అయ్యుంటాను. భూతద్దం మీదికి వంగడం మానెయ్యమన్నాడు. మానేశాను. ఎందుకు మానేశానో కింద రాస్తాను.

రెండోది మీ అమ్మ. కుట్టుమిషన్‌కి కొత్త బెల్టు వేయించాం. స్కూలు యూనిఫారాల పని వచ్చింది, గుమ్మం దాకా గుడ్డలే. మనిషి బాగానే ఉంది. నాతో మాత్రం నాలుగు రోజులు మాట్లాడలేదు, అదీ కిందే రాస్తాను. అన్నీ కిందకి తోసేస్తున్నాడేమిటి ఈయన అనుకోకు. పైన రాయడానికి చెయ్యి రావడం లేదు.

బస్సుల వేళలు వేసే ఆఫీసులో నీకు కుదురుగానే ఉందని రాశావు. "బస్సులు మంచివి నాన్నా, చెప్పిన చోటే ఆగుతాయి, గుడ్లు పెట్టవు" అన్న మాట మీ అమ్మకి చదివి వినిపించాను. నవ్వింది. నేనూ నవ్వాను. పేజీ తిప్పాక నవ్వు ఆగిపోయింది.

ఎక్కడో ఇంకో చోట కూడా మనలాగే పండు ఈగల మీద పని మొదలుపెడుతున్నారనీ, లెక్కలు చూడటానికి నిన్ను రమ్మన్నారనీ, నువ్వు రానని చెప్పేశావనీ రాశావు. నీ మాటలు నాకు కంఠతా వచ్చేశాయి. "ఇంకొకళ్ళ తోట పాడుచెయ్యడానికి నాకు చేతులు రావు నాన్నా. నా లెక్కలో తప్పెక్కడుందో రెండేళ్ళుగా వెతుకుతున్నాను, దొరకలేదు. తప్పెక్కడుందో తెలియనివాళ్ళు మళ్ళీ లెక్క వెయ్యకూడదు." దాని కిందే మూడో ప్రశ్న. "ఏడో బ్లాకులో చివరి మూడు వారాలు ఎర బుట్టల్లో పడ్డ ఈగల గురించి నీకేమైనా గుర్తుందా? ఎంత చిన్న సంగతైనా సరే."

ఈ ప్రశ్న నువ్వు అడగడం ఇది మూడోసారి. మొదటిసారి గుర్తులేదని రాశాను. రెండోసారి ఆ వాక్యం నా కంట పడనట్టే ఊరుకున్నాను.

గుర్తుంది, అమ్మడూ.

నీకు తెలిసినవి కూడా మళ్ళీ రాస్తాను, విసుక్కోకు. మొదటినుంచీ చెప్పుకుంటూ వస్తేగానీ చివరిదాకా వెళ్ళే ధైర్యం నాకు రాదు.

నువ్వు చదువు ముగించి నేను పనిచేసే ఈగల ఆఫీసులోనే లెక్కలు వేసే పనికి చేరినప్పుడు, ఒక ఆదివారం వంటింటి నేల మీద కూర్చుని మీ అమ్మ బొత్తాల డబ్బా బోర్లించావు. తెల్ల బొత్తాలు తోటలో సొంతంగా పుట్టి పెరిగి కాయల్లో గుడ్లు పెట్టే ఈగలు, నల్లవి మనం కిరణాల గదిలో పెట్టి గొడ్డుచేసి వదిలే మగ ఈగలు. "ఆడ ఈగ ఒక్కసారే జతకడుతుందనుకో నాన్నా" అన్నావు. "మనుషులకన్నా నయం" అంది మీ అమ్మ స్టవ్ దగ్గర్నుంచి. మగవాటిలో పదికి తొమ్మిది మనవైతే, పది ఆడ ఈగల్లో తొమ్మిది పెట్టిన గుడ్లు వట్టివైపోతాయి. వచ్చే తరంలో తెల్ల బొత్తాలు తగ్గుతాయి. మనం వదిలే నల్లవి మాత్రం తగ్గవు. అప్పుడు పదికి తొమ్మిది కాదు, వందకి తొంభై తొమ్మిది. ఇలా గుప్పెడు గుప్పెడు తెల్ల బొత్తాలు డబ్బాలో వేసేస్తూ పోయావు. చివరికి నేల మీద నలుపే మిగిలింది. పదహారేళ్ళుగా ఆ పని చేస్తున్నా, దేనికి చేస్తున్నానో నాకు ఆ రోజు అర్థమైంది.

ఇంకో మాట కూడా చెప్పావు. "మధ్యలో ఒక గట్టుంటుంది నాన్నా. గట్టుకి ఇవతలికి వచ్చాక మనం ఈగల్ని వదలడం ఆపేసినా, మిగిలినవి జారుకుంటూ సున్నాకి పోతాయి. అవతల ఉండగా ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. గట్టు ఎక్కడుందో చెప్పడం నా పని. మనం ఏ పక్కనున్నామో చెప్పడం నీ పని."

నా పని అని అంత స్పష్టంగా చెప్పావు నువ్వు.

తోటలవాళ్ళ మీటింగు గుర్తుందిగా. ఆఫీసు హాల్లో కుర్చీలు చాలక సగంమంది గోడలకి ఆనుకుని నిలబడ్డారు. నేను పని ఏప్రన్‌తోనే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. మందు కొట్టడం ఆపమని నువ్వు చెప్పగానే గోల మొదలైంది. మందు కొడితే మనం వదిలేవి కూడా చస్తాయని ఎంత చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు. ఏడో బ్లాకు నారింజ తోట అక్కయ్యగారు లేచి, "ఈగకి ఈగే మందంటావు. ఎన్నాళ్ళమ్మా?" అని అడిగింది. "పద్నాలుగు వారాలు అత్తయ్యా. అది ఇప్పటికి నా అంచనా. బుట్టల్లో పడేవాటిని చూసి ప్రతి వారం మళ్ళీ లెక్క వేస్తాను, పెరగొచ్చు కూడా" అన్నావు. నీ మొహంకేసి కాసేపు చూసి, అందరికన్నా ముందు ఆవిడే చెయ్యెత్తింది. ఆవిణ్ణి చూసి మిగతావాళ్ళు.

అంచనా అన్న మాట, పెరగొచ్చన్న మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. పద్నాలుగు ఒక్కటే ఎక్కింది. నాకూ అంతే. నా పక్కన నిలబడ్డాయన "ఎవరి పిల్లయ్యా, భలే చెప్పింది" అన్నాడు. "మా అమ్మాయేనండీ" అన్నాను. ఆ రోజు ఇంటికి నడిచొస్తుంటే నా కాళ్ళు నేల మీద లేవు.

పన్నెండో వారం దాకా నేను రాసిన ప్రతి అంకే నిజం. అది నమ్ము.

పన్నెండో వారం బుట్టలు దించే రోజు పొద్దున నువ్వు టేబుల్ ముందు కూర్చున్నావు. ప్లేట్లో పెట్టింది పెట్టినట్టే ఉంది. పద్నాలుగో వారం పైఆఫీసు నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారనీ, అప్పటికి పని ముగిసిందని చూపించాలనీ డైరెక్టరు నీతో అన్నాడట. ఒక్కో బ్లాకులో చెట్లకి వేలాడదీసిన నలభై ఎర బుట్టలూ కలిపి తోట ఈగలు పదికి లోపు పడాలి, అలా వరసగా మూడు వారాలు పడితే వదలడం ఆపెయ్యొచ్చు, అదీ నువ్వు పెట్టిన నియమం. మిగతా బ్లాకులన్నీ దారికొచ్చాయి. ఏడోదే మిగిలింది. "ఈ వారం పదికి లోపు వస్తుందంటావా నాన్నా?" అన్నావు. "ఎందుకు రాదు" అన్నాను.

మధ్యాహ్నం ఏడో బ్లాకు బుట్టలు నా బల్ల మీదికొచ్చాయి. మనవాటిని ఇంకా గూట్లో ఉండగానే రంగుపొడిలో పొర్లించి పంపుతాం కదా. గూడు చీల్చుకుని ఈగ బయటికొచ్చేటప్పుడు తల మడతలో ఒక పిసరు పొడి ఇరుక్కుంటుంది, నీలి దీపం కింద మెరుస్తుంది. మెరవనిది తోటది. కొన్ని ఉంటాయి, మెరిసినట్టే ఉంటాయి, మెరవనట్టే ఉంటాయి. దుమ్ము కావచ్చు, పొడి రాలిపోయి ఉండొచ్చు. అలాంటివాటి తల కాగితం మీద నలిపి మళ్ళీ దీపం కింద చూడాలి. నా జేబు పుస్తకంలో అందుకే మూడు గళ్ళు గీసుకుంటాను. మనవి, తోటవి, అనుమానం. ఆఫీసు కాగితంలో రెండే గళ్ళు. అనుమానం గడి ఖాళీ అయ్యాకే ఆ కాగితం నింపాలి.

ఆ రోజు ఖాయంగా తోటవి ఏడు. అనుమానం పంతొమ్మిది.

నేను నలపలేదు. ఒక్కదాన్ని నలిపినా ఆపుకోలేనని నాకు తెలుసు. పది రోజుల కిందట వాన పడింది, పొడి కొట్టుకుపోయి ఉంటుంది అనుకున్నాను. పొడి కలిపేవాడు ఈమధ్య పిసినారితనం చేస్తున్నాడు అనుకున్నాను. అనుకోవాలంటే కారణాలకి కొదవేముంది. పంతొమ్మిదినీ మనవాటిలో కలిపేసి, కాగితం మీద తోటవి ఏడు అని రాశాను. కాగితం పట్టుకుని నీ గదికి వచ్చాను. నువ్వు అంకె చూసి కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నావు. వారం రోజులుగా నీ మొహంలో లేని నెమ్మది అప్పుడు చూశాను. నేను చేసింది మంచిపనే అనిపించింది.

మొదటి వారం కాగితం నింపడానికి గంట పట్టింది. రెండో వారం నిమిషం పట్టలేదు. మూడో వారం నువ్వే అడిగావు. "అనుమానపువి ఎక్కువున్నాయా నాన్నా?" అన్నావు. "ఒకటీ రెండూ. నలిపి చూశాను, మనవే" అన్నాను.

ఇదీ నేను దాచింది. ముందు రెండు వారాలూ చూడనివాణ్ణి. మూడో వారం అబద్ధమాడినవాణ్ణి.

ఆ తర్వాతది నీకు తెలుసు. వదలడం ఆపేశాం. పెద్దవాళ్ళొచ్చి నీతో ఫోటోలు దిగి వెళ్ళారు. మళ్ళీ కాపు వచ్చి కాయ రంగు తిరిగేసరికి ఏడో బ్లాకులో కాయ కోస్తే పురుగు. అక్కణ్ణుంచి ఆరూ, ఎనిమిదీ, నెల తిరిగేసరికి అన్నీ. చెట్ల కింద కాయలు రాలి, తొక్కితే జారిపడేలా ఉండేవి. అదే హాల్లో మళ్ళీ మీటింగు. అక్కయ్యగారు లేచి, "నీ ఈగలు కాగితం మీద చచ్చాయమ్మా, నా చెట్టు మీద కాదు" అంది. నువ్వు లేచి నిలబడ్డావు. ఇంకెవరి పేరైనా చెబుతావేమోనని డైరెక్టరు నీ వైపే చూస్తున్నాడు. "లెక్క నాది. తప్పు నాదే" అన్నావు.

నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఏప్రన్ ముడి విప్పుకుంటూ, మళ్ళీ వేసుకుంటూ నిలబడ్డాను.

ఆ వారమే నువ్వు ఉద్యోగం వదిలేశావు. నీ పెట్టె బస్సు మీదికి ఎక్కించింది నేనే. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. మొదటిసారి కండక్టరు టిక్కెట్టు అడిగాడు. రెండోసారి అడ్డొచ్చినవాళ్ళెవరూ లేరు. నేనే ఊరుకున్నాను. పోనీలే, దూరంగా ఉంటే మరిచిపోతుంది, ఇంకేదో మంచి పని దొరుకుతుంది అని సర్ది చెప్పుకున్నాను. దొరికింది కూడా. బస్సుల పని దొరికిందని నువ్వు రాసినప్పుడు "చూశావా, అంతా మంచికే" అని మీ అమ్మతో అన్నాను కూడా. రెండేళ్ళుగా నువ్వు కూర్చుని లేని తప్పు వెతుక్కుంటున్నావని నీ ఈ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. తెలుసుకోవాలని నేను చూడలేదు. అది నాకు అలవాటైన పనే కదా.

ఉత్తరం వచ్చిన మర్నాడు ఆఫీసులో పాత పొట్లాల బీరువా తీశాను. లెక్కపెట్టిన ఈగల్ని తేదీ వేసి కాగితం పొట్లాల్లో మూడేళ్ళు దాచాలని రూలు. ఏడో బ్లాకు, ఆ మూడు వారాలు. అనుమానపువాటిని నేను వేరే పొట్లాల్లో కట్టాను. ఎందుకు వేరే కట్టానో ఇప్పటికీ చెప్పలేను. మూడు వారాలవీ కలిపి అరవై ఒకటి. ఎండి గడ్డిపోచల్లా ఉన్నాయి. దీపం గదిలో కిటికీకి నల్లగుడ్డ కట్టి, ఒక్కొక్కటీ కాగితం మీద పెట్టి తల నలిపి, పొడిని కరిగించే మందు ఒక చుక్క వేసి, దీపం కిందికి జరిపాను. రోజుకి ఇరవై అటూ ఇటూగా మూడు రోజులు. ఎక్కువ చెయ్యలేకపోయాను. మొదటి పదిలో ఒక్కటే మెరిసింది.

అరవై ఒకటిలో మనవి ఎనిమిది. యాభై మూడు తోటవి.

ముందు రాసినవి కలిపితే పన్నెండో వారం తోటవి ఇరవై మూడు. పదమూడో వారం ఇరవై నాలుగు. పద్నాలుగో వారం ఇరవై ఏడు. తగ్గడం మాట అటుంచి, పెరుగుతున్నాయి. బడికెళ్ళే పిల్లవాడు చూసినా గట్టుకి అవతలే ఉన్నామని చెప్పేస్తాడు.

ఆ అంకెలు పట్టుకుని నీ గదికి వెళ్ళాను. ఇప్పుడక్కడ ఒకాయన కూర్చుంటున్నాడు. మంచివాడే, తక్కువ మాట్లాడతాడు, అద్దాలు తుడుచుకుంటూ ఉంటాడు. నువ్వు కంప్యూటర్లో రాసి పెట్టిన లెక్క అలాగే ఉందట. నా సంగతంతా విన్నాడు. నా మూడు అంకెలూ అందులో వేశాడు. నేను ఆయన కుర్చీ వెనక నిలబడ్డాను. తెర మీద గీత దిగుతూ వచ్చి, ఒకచోట ఆగి, కొంచెం పైకి లేచింది. తర్వాత ఆయన ఇంకేదో మార్చాడు. గీత మళ్ళీ దిగడం మొదలుపెట్టి అడుగుకి చేరింది.

"ఏం మార్చారండీ?" అని అడిగాను.

"మీ అమ్మాయి రాసినదాంట్లో నేను ఒక్క అక్షరం ముట్టుకోలేదు. ఇంకా ఎన్ని వదలాలి, ఎన్నాళ్ళు వదలాలి అని అడిగానంతే. ఏడో బ్లాకులో ఒకటిన్నర రెట్లు వదిలితే తొమ్మిది వారాలు చాలంటోంది."

"తొమ్మిదేనా?"

"తొమ్మిదే."

వదలడం ఆపేశాక ఆ తొమ్మిది వారాలూ మన ఈగల పెంపకం షెడ్డులో ఏం జరిగిందో నాకు తెలుసు, అమ్మడూ. పని అయిపోయిందని చెప్పినా షెడ్డు వెంటనే ఆగదు కదా. రోజూ పుట్టుకొచ్చిన ఈగల్ని వేడినీళ్ళల్లో ముంచి పారబోశారు. ఆ తొట్టెలు కడిగించింది నేనే.

ఇంటికొచ్చి మీ అమ్మకి చెప్పాను. మిషన్ ఆపి విన్నది. నేను చివరికి, "దాని మీద ప్రేమతోనే చేశాను, అది నలుగురిలో తలదించుకోకూడదనే" అన్నాను. మీ అమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండా, "ప్రేమ సరే. దాన్ని నమ్మలేదు నువ్వు" అంది. "నమ్మినవాడివైతే ఉన్నది ఉన్నట్టు దాని చేతికిచ్చేవాడివి. అంకె పెరిగిందని అది ఏడుస్తుందనుకున్నావు. అది ఏడ్చేది కాదు. కూర్చుని మళ్ళీ లెక్క వేసేది." ఆ తర్వాత నాలుగు రోజులు ఆ నోట మాట లేదు. అన్నం పెట్టేది, నీళ్ళు పెట్టేది, పక్కకి జరిగి వెళ్ళిపోయేది. అరిచినా బాగుండేది.

ఐదో రోజు అక్కయ్యగారి తోటకి వెళ్ళాను. తోట అనడానికి సగమే ఉంది. రోడ్డు పక్క సగం చెట్లు కొట్టించేసింది, మొద్దులు మిగిలాయి. ఆవిడ గేటు దగ్గర కూర్చుని చిరిగిన నీళ్ళ పైపుకి గుడ్డ చుడుతోంది. "రా తమ్ముడూ, కూర్చో" అంది. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. వింటూ పైపు చుట్టడం ఆపలేదు. ముడి వేసి, పళ్ళతో దారం కొరికి, అప్పుడు తల ఎత్తింది.

"ఆ పిల్లని నలుగురిలో నేనేమన్నానో నీకు తెలుసా?"

"తెలుసు. అక్కడే ఉన్నాను."

"అక్కడే ఉండి విన్నావు."

"విన్నాను అక్కయ్యగారూ."

మొద్దుల వైపు చెయ్యి చూపించింది. "చెట్లంటే సరే. గాలివానొచ్చినా పోతాయి, తెగులొచ్చినా పోతాయి. ముప్ఫై ఏళ్ళుగా ఏదో ఒకటి పోతూనే ఉంది. ఆ పిల్ల నా గుమ్మంలో కూర్చుని, కాగితం మీద బొమ్మలు గీసి మరీ చెప్పింది నాకు. దాని చేత తప్పు నాదేనని అనిపించావు చూడు..." అని ఆపేసింది. కళ్ళు తుడుచుకుందేమో, నేను చూడలేదు. తర్వాత నీ అడ్రసు అడిగింది. నిన్ను అడక్కుండా ఎలా ఇవ్వనని నసిగాను. "ఇంకా నువ్వే చూసుకుంటావా దాని మంచీ చెడూ?" అంది. ఇచ్చేశాను. ఆవిడ ఉత్తరం నీకు వస్తే చదువు.

వచ్చేటప్పుడు గేటు వేస్తూ "వెళ్ళవయ్యా" అంది. తమ్ముడూ అనలేదు.

డైరెక్టరుకి అంతా కాగితం మీద రాసి ఇచ్చాను. చదివి తలుపు వేయించాడు. ఎందుకొచ్చిన గొడవ, ఆరోగ్యం బాగాలేదని రాసిచ్చి రిటైరైపోండి, రెండేళ్ళ కిందటి ఫైలు మళ్ళీ తవ్వితే ఆఫీసు పరువు పోతుంది అన్నాడు. "రెండేళ్ళుగా ఆ పరువు మా అమ్మాయి మోస్తోందండీ" అన్నాను. జీవితంలో మొదటిసారి ఆయన ముందు గొంతు పెంచాను. కాగితం ఫైలులో పెట్టాల్సి వచ్చింది, ఎందుకంటే ఆ లెక్కలాయన తన ఫలితం కూడా రాసి, సంతకం పెట్టి, నా కాగితానికి జత చేశాడు. నన్ను పనిలోంచి తీసేశారు. తియ్యకపోతే నాకే బాగుండేది కాదు. నా బల్లా, భూతద్దం ఎవరికో ఇచ్చారు. మెడనొప్పి తగ్గింది అందుకే.

ఈ కవర్లో నా జేబు పుస్తకం పెట్టాను. మూడు గళ్ళూ నిండుగా ఉన్నాయి. లెక్కలాయన వేసిన గీత కూడా పెట్టాను. ఆయన మాటే నమ్మాలని లేదు, నువ్వే వేసి చూసుకో. నీ లెక్కలో ఇంకేదైనా తప్పుంటే నువ్వే పట్టుకుంటావు. లేకపోతే లేదని తెలుసుకుంటావు. ఇన్నాళ్ళూ నీకు ఆ రెండింటిలో ఏదీ దక్కకుండా చేశాను నేను.

నిన్ను రమ్మన్నవాళ్ళకి కూడా ఈ కాగితాల నకలు పంపించాను. అడ్రసు నీ ఉత్తరంలోనే ఉంది. అడక్కుండా పంపినందుకు కోప్పడు. వెళ్ళడం, వెళ్ళకపోవడం నీ ఇష్టం. బస్సులే బాగున్నాయంటే బస్సులే. నేను ఏదీ సలహా చెప్పను. ఒకవేళ వెళితే, అక్కడ ఈగల్ని లెక్కపెట్టేవాడెవడో చూసుకో. వాడితో ఒక మాట చెప్పు, అంకె ఎంతొచ్చినా ఫరవాలేదు, నేను భయపడను అని. నాతో ఆ మాట నువ్వు వెయ్యిసార్లు చెప్పావు, తప్పు నీది కాదు. అయినా వాడితో చెప్పు.

క్షమించమని అడగడానికి కూర్చున్నాను ఈ ఉత్తరం రాయడానికి. రాస్తూ రాస్తూ ఉంటే, అడిగితే నువ్వు క్షమించేస్తావని తెలిసిపోయింది. నీ మనసు నాకు తెలుసు. అందుకని అడగడం లేదు. నీకు కోపం వస్తే రానీ, ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండనీ. నన్ను తలుచుకుని దాన్ని తగ్గించుకోకు. జవాబు రాయకపోయినా నేను ఏమీ అనుకోను. మీ అమ్మకి మాత్రం వేరే ఉత్తరం రాస్తూ ఉండు.

ఎప్పుడూ ఉత్తరం చివర మీ అమ్మ నాలుగు వాక్యాలు రాస్తుంది కదా. ఈసారి కాగితం ఆవిడ ముందు పెట్టాను. మొత్తం చదివింది. ఒకచోట నేను "పొరపాటు" అని రాస్తే కొట్టేసి, "అబద్ధం" అని దిద్దమంది. దిద్దాను. కలం మాత్రం తీసుకోలేదు. "ఇది నీ ఉత్తరం. నువ్వే ముగించు" అంది.

ప్రేమతో అని రాసి సంతకం పెట్టడం నాకు అలవాటు. ఇవాళ ఆ మాట దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ఆ పేరు చెప్పుకునే కదా ఇంత చేశాను. అది నేను రాయకూడదు. ఎప్పటికైనా నాలో అది ఉందని నీకే అనిపిస్తే, అప్పుడు నువ్వు అనుకో.

ఇట్లు,
మీ నాన్న.